మూక్ కోర్సులు: విద్యార్థులు, తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ, ఐఐటీల ఆన్‌లైన్ కోర్సులు నడిపే ఎన్‌పీటెల్‌కు మా కాలేజీలో ఉన్న విభాగం, అంటే లోకల్ చాప్టర్ పని కూడా చూస్తుంటాను. జనవరి, జూలై నెలలు వచ్చాయంటే చాలు, స్టాఫ్ రూమ్ ముందు పిల్లలు, ఫోన్లో తల్లిదండ్రులు దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతారు. అందరికీ తీరిగ్గా కూర్చుని చెప్పే వీలుండదు. అందుకే నాకు తెలిసిందీ, నేను నమ్మేదీ రాసి పెడుతున్నాను.

మూక్ అంటే ఏమిటి? యూట్యూబ్‌లో పాఠం వింటే సరిపోదా?

మాసివ్ ఓపెన్ ఆన్‌లైన్ కోర్స్ అనే పేరును కుదిస్తే మూక్. ఎంతమందైనా చేరొచ్చు. ఇంటర్ మార్కులు, ఎంట్రన్స్ ర్యాంకు ఎవరూ అడగరు. పాఠం అంతా ఇంటర్నెట్‌లోనే.

యూట్యూబ్ వీడియో ఎప్పుడైనా చూడొచ్చు, ఎక్కడైనా ఆపేయొచ్చు. ఎన్‌పీటెల్ లాంటి మూక్ ఫలానా తేదీన మొదలవుతుంది. వారం వారం కొత్త పాఠాలు వస్తాయి, వాటి మీద అసైన్‌మెంట్ ఉంటుంది, దానికో గడువు ఉంటుంది. డౌట్ వస్తే అడగడానికి ఫోరమ్, చివర్లో పరీక్ష. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం తన పాఠాలను ఉచితంగా నెట్‌లో పెడతానని 2001లోనే ప్రకటించింది. మన ఐఐటీల ప్రొఫెసర్ల వీడియోలు కూడా 2003లో మొదలైన ఎన్‌పీటెల్ ప్రాజెక్టు ద్వారా చాలా ఏళ్లుగా అందుబాటులో ఉన్నాయి. అవి గొప్ప పాఠాలే. కానీ ఎవరు విన్నారు, ఎంతవరకు అర్థమైంది అని అడిగే నాథుడు లేడు. మూక్ వచ్చాక జరిగిన మార్పు అదే, అడిగే ఏర్పాటు వచ్చింది.

ఇది ఎక్కడ మొదలైంది?

2008లో కెనడాలో. మానిటోబా విశ్వవిద్యాలయంలో జార్జ్ సీమెన్స్, స్టీఫెన్ డౌన్స్ కలిసి ఒక కోర్సు నడిపారు. ఫీజు కట్టిన విద్యార్థులు 25 మంది. అదే కోర్సులోకి ఎవరైనా ఉచితంగా రావొచ్చని తలుపులు తీస్తే ఇంకో రెండు వేల మందికి పైగా చేరారు. మూక్ అన్న పేరు పుట్టింది అప్పుడే. అందులో లెక్చర్లకన్నా చర్చలకే పెద్దపీట. చేరినవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ, తమ తమ బ్లాగుల్లో రాసుకుంటూ నేర్చుకోవాలన్నది వాళ్ల ఉద్దేశం.

ప్రపంచమంతా వినేలా చేసింది మాత్రం 2011లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం. సెబాస్టియన్ థ్రన్, పీటర్ నార్విగ్ తమ ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ క్లాసును ఆన్‌లైన్‌లో ఉచితంగా పెడితే సుమారు 1,60,000 మంది పేర్లిచ్చారు. అదే సమయంలో ఆండ్రూ ఎన్‌జీ మెషీన్ లెర్నింగ్ కోర్సు, జెనిఫర్ విడమ్ డేటాబేస్ కోర్సు కూడా నడిచాయి. అంతమందికి పాఠం చెప్పడం ఎలా సాధ్యమైంది? వీడియోను పది నిమిషాల ముక్కలుగా కోశారు. ప్రతి ముక్కకూ మధ్యలో ఒక చిన్న ప్రశ్న పెట్టారు. జవాబులు, ప్రోగ్రాములు కంప్యూటరే దిద్దేలా చేశారు. లక్ష పేపర్లు దిద్దే పని మనుషుల చేతి నుంచి తప్పిపోవడం వల్లే ఇదంతా జరిగింది. కంప్యూటర్ దిద్దడానికి కుదిరే సబ్జెక్టులే ముందు వచ్చింది కూడా అందుకే. ప్రోగ్రామింగ్, లెక్కలు, స్టాటిస్టిక్స్ ఇలాంటివి. వ్యాసం రాయించాల్సిన సబ్జెక్టుల్లో విద్యార్థులే ఒకరి పేపర్ ఒకరు దిద్దే పద్ధతి పెట్టారు. అది ఈ రోజుకీ సరిగ్గా కుదిరిందని నేను అనుకోను.

2012లో యుడాసిటీ, కోర్సెరా, ఎడెక్స్ అనే మూడు మూక్ వేదికలూ వెంటవెంటనే వచ్చాయి. యుడాసిటీ థ్రన్‌ది. కోర్సెరా ఆండ్రూ ఎన్‌జీ, డాఫ్నీ కోలర్ పెట్టింది. ఎడెక్స్‌ను హార్వర్డ్, ఎంఐటీ చెరి 3 కోట్ల డాలర్లు వేసి లాభాపేక్ష లేని సంస్థగా మొదలుపెట్టాయి. దానికి నాయకత్వం వహించిన అనంత్ అగర్వాల్ మన ఐఐటీ మద్రాస్‌లో చదివినవారు. అమెరికా పత్రికలు ఆ ఏడాదిని మూక్‌ల సంవత్సరం అని రాశాయి.

ఇక కాలేజీలే ఉండవని అప్పట్లో అన్నారట. ఏమైంది?

అన్నారు. గట్టిగానే అన్నారు. ఆ మాట ఎక్కడ తేలిపోయిందో ప్రతి అధ్యాపకుడూ తెలుసుకోవాలని నా కోరిక.

2013లో కాలిఫోర్నియాలోని శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీ, యుడాసిటీతో కలిసి మూడు కోర్సులు ఆన్‌లైన్‌లో పెట్టింది. లెక్కల్లో వెనకబడిన వాళ్లకు ఒకటి, ఆల్జీబ్రా ఒకటి, స్టాటిస్టిక్స్ ఒకటి. ఫీజు 150 డాలర్లే, మామూలు ఫీజుతో పోలిస్తే చాలా తక్కువ. చేరిన వాళ్లలో చాలామంది అంతకుముందు అదే సబ్జెక్టు తప్పినవాళ్లు, పేద బస్తీల నుంచి వచ్చిన హైస్కూలు పిల్లలు. కొందరికి ఇంట్లో కంప్యూటరే లేదు. వెనకబడిన వాళ్ల కోసం పెట్టిన లెక్కల కోర్సులో మూడో వంతు మంది కూడా పాసవలేదు. క్లాసులో కూర్చుని చదివిన వాళ్లు వీళ్లకన్నా ఎంతో నయంగా గట్టెక్కారు. యూనివర్సిటీ ఆ ప్రయోగాన్ని ఆపి ఆలోచనలో పడింది. వేసవిలో మళ్లీ పెడితే ఫలితాలు బాగున్నాయి గానీ, ఈసారి చేరినవాళ్లలో చాలామందికి అప్పటికే డిగ్రీ ఉంది. ఆ ఏడాది చివర్లో థ్రన్ స్వయంగా తమ దగ్గరున్న సరుకు బాగాలేదని పత్రికతో ఒప్పుకున్నాడు. యుడాసిటీ కాలేజీ చదువు వదిలేసి ఉద్యోగులకు నైపుణ్యాలు నేర్పే వైపు వెళ్లిపోయింది.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు తమ కోర్సెరా విద్యార్థులను ఆరా తీస్తే ఎక్కువమంది అప్పటికే డిగ్రీ చేతిలో ఉన్నవాళ్లని తేలింది. అంటే చదువు అందని వాళ్ల కోసం అని మొదలైనది, చదువుకున్న వాళ్లకే ముందుగా అందింది. ఎలా చదవాలో తెలిసిన వాడికి వీడియో ఒక్కటే చాలు. ఆ అలవాటు ఇంకా పడని వాడికి పక్కన ఒక మనిషి కావాలి. మా కాలేజీలో ఇన్నేళ్లుగా నేను చూస్తున్నదీ ఇదే.

దీనికి మంచి ఉదాహరణ మంగోలియా కుర్రాడు బత్తుషిగ్. 2012లో ఎంఐటీ పెట్టిన మొదటి కోర్సు, సర్క్యూట్స్ అండ్ ఎలక్ట్రానిక్స్‌లో 1,55,000 మంది చేరితే సర్టిఫికెట్ దాకా వచ్చింది 7 వేల పైచిలుకు. ఉలాన్‌బాతర్‌లో పదిహేనేళ్ల బత్తుషిగ్ పూర్తి మార్కులు తెచ్చుకున్నాడు, తర్వాత ఎంఐటీలోనే సీటు వచ్చింది. ఈ కథ చెప్పేటప్పుడు అందరూ ఒక విషయం వదిలేస్తారు. వాళ్ల బడి ప్రిన్సిపాల్ ఎంఐటీలో చదివిన మనిషి. ఆ కోర్సును బడికి తెచ్చింది ఆయనే. పిల్లలతో ల్యాబ్ చేయించడానికి స్టాన్‌ఫర్డ్ నుంచి ఒక మిత్రుడిని పరికరాలతో సహా రప్పించాడు. కుర్రాడి తెలివి కుర్రాడిదే, కాదనను. కానీ ఆ తెలివికి ఒక బడి, ఒక మాస్టారు, ఒక సోల్డరింగ్ బల్ల తోడయ్యాయి.

చేరినవాళ్లలో ఎంతమంది పూర్తి చేస్తారు?

చాలా తక్కువ. హార్వర్డ్, ఎంఐటీల ఎడెక్స్ కోర్సుల ఆరేళ్ల లెక్కలు 2019లో సైన్స్ పత్రికలో వచ్చాయి. 2017-18లో పేరిచ్చిన వాళ్లలో పూర్తి చేసింది దాదాపు 3 శాతమే. సగం మందికి పైగా కోర్సు తెరిచి కూడా చూడలేదు. డబ్బు కట్టి సర్టిఫికెట్ దారిలో వెళ్లినవాళ్లు మాత్రం 46 శాతం పూర్తి చేశారు.

ఈ అంకెలు చూసి మూక్‌లు దండగ అనేయకండి. నచ్చిన రెండు పాఠాలు విని వెళ్లిపోయే వాళ్లు ఉంటారు, వాళ్లకు కావాల్సింది అంతే. నేను కంగారుపడేది వేరేవాళ్ల గురించి. నిజంగా నేర్చుకుందామనుకుని మూడో వారంలో ఆగిపోయేవాళ్లు. మా దగ్గర ఇది ఎంత కచ్చితంగా జరుగుతుందంటే, మొదటి మిడ్ పరీక్షలు వచ్చే వారమే అసైన్‌మెంట్లు ఆగిపోతాయి. ఒక వారం తప్పితే తర్వాతి వారం పాఠం అర్థం కాదు, ఆ మీదట సిగ్గుపడి అసలు తెరవడమే మానేస్తారు. అప్పుడు ఎవరో ఒకరు భుజం మీద చెయ్యేసి, పర్లేదురా, నాలుగో వారం నుంచి మొదలుపెట్టు, మూడోది ఆదివారం చూసుకుందాం అంటే చాలామంది తిరిగి వస్తారు.

ఎన్‌పీటెల్, స్వయం రెండూ ఒకటేనా?

స్వయం అనేది కేంద్ర ప్రభుత్వ వేదిక. 2017 జూలై 9న అప్పటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ప్రారంభించారు. దాని కింద కోర్సులు తయారుచేసే సంస్థలు చాలా ఉన్నాయి. ఇంజనీరింగ్, సైన్స్ కోర్సులు ఎక్కువగా ఎన్‌పీటెల్ చూస్తుంది. మేనేజ్‌మెంట్ కోర్సులు ఐఐఎం బెంగళూరు, డిగ్రీ కోర్సులు సీఈసీ అనే కేంద్ర సంస్థ, పీజీ కోర్సులు యూజీసీ, ఇంకా ఇగ్నో, ఎన్‌సీఈఆర్‌టీ లాంటివి మిగతావి. ఇంటర్నెట్ సరిగా లేని ఊళ్ల కోసం స్వయం ప్రభ పేరుతో టీవీ ఛానెళ్లు కూడా నడుస్తున్నాయి.

ఎన్‌పీటెల్ స్వయం కన్నా పాతది. ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి మొదలుపెట్టాయి. 2014 నుంచి సర్టిఫికెట్ కోర్సులు ఇస్తోంది. మన కుర్రాళ్ల నోట్లో ‘ఎన్‌పీటెల్ చేస్తున్నా’ అన్న మాట నలగడానికి కారణం, పరీక్ష నిజంగా సెంటర్‌కి వెళ్లి రాయాల్సి రావడమే. ఇంట్లో కూర్చుని టిక్కులు పెట్టే పరీక్ష కాదది. హాల్ టికెట్, ఐడీ కార్డు, ఇన్విజిలేటర్, అన్నీ ఉంటాయి. ప్రపంచంలో పెద్ద వేదికలు సర్టిఫికెట్ విలువ ఎలా నిలబెట్టాలా అని తలలు పట్టుకుంటున్న రోజుల్లో మన వాళ్లు పాతకాలపు పరీక్ష హాలునే నమ్ముకున్నారు. నా దృష్టిలో అది మంచి నిర్ణయం.

మార్కులు ఎలా వేస్తారు?

ఎన్‌పీటెల్‌లో అసైన్‌మెంట్లకు 25, చివరి పరీక్షకు 75. 12 వారాల కోర్సులో బాగా చేసిన 8 అసైన్‌మెంట్లు, 8 వారాల కోర్సులో 6, 4 వారాల కోర్సులో 3 లెక్కలోకి తీసుకుంటారు. సర్టిఫికెట్ రావాలంటే అసైన్‌మెంట్లలో 25కి 10, పరీక్షలో 75కి 30 విడివిడిగా రావాలి. మొత్తం 60 వస్తే సర్టిఫికెట్ మీద ఎలీట్ అని, 75 వస్తే సిల్వర్ అని, 90 వస్తే గోల్డ్ అని ఉంటుంది.

ఎన్‌పీటెల్ కాకుండా స్వయంలోని మిగతా చాలా కోర్సులకు పరీక్ష, జేఈఈ పెట్టే ఎన్‌టీఏనే పెడుతుంది. వాటి నిబంధనలు వేరు, చేరేముందు కోర్సు పేజీ చదువుకోండి.

ఇంకొకటి. కోర్సులో చేరడం వేరు, పరీక్షకు రిజిస్టర్ చేసుకుని ఫీజు కట్టడం వేరు. ఈ రెండో గడువు తప్పి, పన్నెండు వారాలు కష్టపడి కూడా పరీక్ష రాయలేని పిల్లలు ప్రతి సెమిస్టర్‌లో ఒకరిద్దరైనా కనిపిస్తారు.

అసైన్‌మెంట్ ఆన్సర్లు టెలిగ్రామ్‌లో దొరుకుతున్నాయి కదా సార్?

దొరుకుతున్నాయి. బుధవారం రాత్రి 11:59కి గడువు అయితే సాయంత్రం ఏడు గంటలకే పది ప్రశ్నలకూ జవాబులు గ్రూపుల్లో తిరుగుతుంటాయి. అందులో తప్పు జవాబు ఉంటే మా సెక్షన్‌లో నలభై మందికి అదే ప్రశ్న తప్పవుతుంది.

దీని ఫలితం రిజల్ట్ షీట్‌లో నేరుగా కనిపిస్తుంది. అసైన్‌మెంట్ కాలమ్‌లో 24, పక్కనే పరీక్ష కాలమ్‌లో 21. ఆ రెండంకెలూ పక్కపక్కన చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఫీజు పోయింది, మూడు నెలలు పోయాయి, సర్టిఫికెట్ లేదు. అదే, తనంతట తాను చేసుకుని అసైన్‌మెంట్లలో 17 తెచ్చుకున్న అమ్మాయికి పరీక్షలో 52 వస్తుంది. తప్పు జవాబు పెట్టి, ఎందుకు తప్పయిందో తర్వాత వారం సొల్యూషన్ చూసి తెలుసుకోవడమే ఆ అసైన్‌మెంట్ల ఉపయోగం. కాపీ కొట్టినవాడు ఆ సొల్యూషన్ ఎప్పుడూ తెరవడు.

ఇది మన పిల్లల జబ్బు మాత్రమే కాదు. ఒకే మనిషి రెండు అకౌంట్లు పెట్టుకుని ఒకదాంట్లో జవాబులు తెలుసుకుని రెండోదాంట్లో రాసుకోవడం ఎడెక్స్ కోర్సుల్లో కూడా జరుగుతోందని హార్వర్డ్, ఎంఐటీ పరిశోధకులు 2015లో బయటపెట్టారు.

కాలేజీ క్రెడిట్లు ఎలా వస్తాయి?

క్రెడిట్లంటే డిగ్రీ చేతికి రావడానికి ఒక్కో సబ్జెక్టులో కూడబెట్టుకోవాల్సిన పాయింట్లు. స్వయం కోర్సులను డిగ్రీలో కలుపుకోవచ్చని యూజీసీ 2016లో నిబంధనలు తెచ్చింది. అప్పట్లో సెమిస్టర్ కోర్సుల్లో 20 శాతం దాకా, 2021 సవరణ తర్వాత 40 శాతం దాకా. ఇంజనీరింగ్‌లో బీటెక్ ఆనర్స్ కోసం అదనంగా 18 నుంచి 20 క్రెడిట్లు మూక్‌ల ద్వారా తెచ్చుకోవచ్చని, సాంకేతిక విద్యను చూసే కేంద్ర మండలి ఏఐసీటీఈ ఇచ్చిన నమూనా పాఠ్యప్రణాళిక చెబుతుంది. సాధారణంగా 4 వారాల కోర్సుకు 1, 8 వారాలకు 2, 12 వారాలకు 3 క్రెడిట్లు.

ఇదంతా కాగితం మీద. అమల్లో మీ యూనివర్సిటీ రెగ్యులేషన్ ఏమంటుందన్నదే లెక్క. జేఎన్‌టీయూల్లో కూడా ఏ ఏడాది చేరారన్న దాన్ని బట్టి నిబంధన మారుతుంది, అటానమస్ కాలేజీలకు సొంత రూల్స్ ఉంటాయి. కాబట్టి ముందు మీ డిపార్ట్‌మెంట్‌లో అడిగి, ఫలానా కోర్సుకు ఫలానా సబ్జెక్టు బదులుగా క్రెడిట్ ఇస్తామని రాతపూర్వకంగా అనుమతి తీసుకున్న తర్వాతే చేరండి. కోర్సు పూర్తయ్యాక సర్టిఫికెట్ పట్టుకొచ్చి ‘సార్, క్రెడిట్ ఇవ్వండి’ అంటే ఎవరూ ఏమీ చేయలేరు.

క్రెడిట్లు ఇవ్వడం వల్ల చేరేవాళ్లు పెరిగారు. అందులో మంచీ ఉంది, ఇబ్బందీ ఉంది. ఇష్టంతో చేరాల్సిన కోర్సు కొన్నిచోట్ల బలవంతపు సబ్జెక్టయింది. కాలేజీకి వచ్చే గుర్తింపు కోసం ఏ ఆసక్తీ లేని పిల్లలందరి చేతా ఫారాలు నింపించడం సరైన పని కాదు. అధ్యాపకుడిగా నేను దీనికి ఒప్పుకోలేను.

ఉచితమే అన్నారు, మళ్లీ డబ్బు ఎందుకు కట్టాలి?

స్వయం, ఎన్‌పీటెల్‌లో పాఠం పూర్తిగా ఉచితం. పరీక్ష రాయాలనుకుంటేనే ఫీజు, అది వెయ్యి రూపాయల చుట్టుపక్కల ఉంటుంది. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు రాయితీ ఉంది, అడిగి తీసుకోండి.

విదేశీ వేదికల సంగతి వేరు. మొదట్లో అన్నీ ఉచితం, సర్టిఫికెట్ కూడా. అంత ఖర్చు ఎవరు భరిస్తారన్న ప్రశ్న త్వరలోనే వచ్చింది. ఎడెక్స్ 2015 చివర్లో ఉచిత సర్టిఫికెట్లు ఆపేసింది. కోర్సెరా కూడా అదే దారి పట్టింది. 2016లో పాత వేదికను మూసేసినప్పుడు తొలినాళ్ల ఉచిత కోర్సులు చాలా కనుమరుగయ్యాయి. కోర్సెరా 2021లో న్యూయార్క్ స్టాక్ మార్కెట్‌కు వెళ్లింది. అదే ఏడాది ఎడెక్స్‌ను టూయూ అనే కంపెనీ 80 కోట్ల డాలర్లకు కొంది. ఆ కంపెనీ 2024లో దివాలా పిటిషన్ వేయాల్సి వచ్చింది. లాభం చూసుకోబోమని చెప్పి పుట్టిన ఎడెక్స్ అలా చేతులు మారడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఉచితంగా మిగిలినవి లేకపోలేదు. హార్వర్డ్ వాళ్ల సీఎస్50 ప్రోగ్రామింగ్ కోర్సు, హెల్సింకీ విశ్వవిద్యాలయం నడిపే ఎలిమెంట్స్ ఆఫ్ ఏఐ ఈ రోజుకీ డబ్బు లేకుండా చదువుకోవచ్చు. కోర్సెరాలో ఫైనాన్షియల్ ఎయిడ్ కోసం దరఖాస్తు పెట్టుకునే వీలుంది. ఎందుకు కావాలో నాలుగు మాటలు నిజాయితీగా రాయాలి, నెట్‌లో దొరికే నమూనా కాపీ కొట్టి పెట్టకండి. డబ్బు కట్టే ముందు మీ కాలేజీకి ఏదైనా ఒప్పందం ఉందేమో కూడా కనుక్కోండి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా 2024 ఫిబ్రవరిలో ఎడెక్స్‌తో ఇలాంటి ఒప్పందం చేసుకుంది.

ఈ సర్టిఫికెట్ చూపిస్తే ఉద్యోగం వస్తుందా?

సర్టిఫికెట్ చూసి ఉద్యోగం ఇచ్చే కంపెనీని నేను చూడలేదు. సర్టిఫికెట్ చూసి ప్రశ్న అడిగే ఇంటర్వ్యూలు చాలా చూశాను. రెజ్యూమెలో పైథాన్ ఎలీట్ అని రాసుకున్న అబ్బాయిని, ఆ ప్రోగ్రామింగ్ భాషలో మొదట్లోనే వచ్చే డిక్షనరీకీ లిస్టుకీ తేడా చెప్పమంటే తెల్లముఖం వేశాడు. ఆ వరుస రెజ్యూమెలో లేకపోయుంటే అతన్ని ఆ ప్రశ్న అడిగేవాళ్లే కాదు.

నేర్చుకున్నదానితో ఏదో ఒకటి చేసి చూపించగలిగితే విలువ వస్తుంది. ఒక చిన్న ప్రాజెక్టు చాలు. గూగుల్ 2018లో కోర్సెరాలో ఐటీ సపోర్ట్ సర్టిఫికెట్ పెట్టినప్పటి నుంచి కంపెనీలే నేరుగా కోర్సులు తయారుచేయడం పెరిగింది. యుడాసిటీని 2024లో యాక్సెంచర్ కొనేసింది. ఇప్పుడు ఈ వేదికల ఆదాయంలో పెద్ద భాగం తమ ఉద్యోగులకు శిక్షణ ఇప్పించుకునే కంపెనీల నుంచి, ఉద్యోగం మారాలనుకునే వాళ్ల నుంచి వస్తోంది. ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ఇవి బాగా పనికొస్తాయి. హైదరాబాద్‌లో టెస్టింగ్ చేస్తూ డేటా వైపు వెళ్లాలనుకునే మా పాత విద్యార్థులు రాత్రిపూట ఇవే చదువుతున్నారు.

మా అబ్బాయిది తెలుగు మీడియం. ఇంగ్లిష్‌లో చెబితే అర్థమవుతుందా?

మొదటి రెండు వారాలు కష్టం. నిజం చెబుతున్నాను, ధైర్యం కోసం దాచడం లేదు. కానీ దాటగలిగే కష్టమే.

మా విద్యార్థుల్లో పనిచేసిన పద్ధతి చెబుతాను. మొదటి కోర్సు కొత్త సబ్జెక్టులో తీసుకోవద్దు. క్లాసులో ఇప్పటికే తెలుగు కలిపి విన్న సబ్జెక్టు తీసుకోవాలి. విషయం తెలిసి ఉంటుంది కాబట్టి భాష మీద దృష్టి పెట్టొచ్చు. వీడియో వేగం 0.75 పెట్టి, సబ్‌టైటిల్స్ ఆన్ చేయాలి. ఎన్‌పీటెల్ పాఠాలకు రాతప్రతి పీడీఎఫ్‌గా దొరుకుతుంది, ముందు అది ఒకసారి చదివి తర్వాత వీడియో చూస్తే సగం టెన్షన్ పోతుంది. చాలా ఎన్‌పీటెల్ కోర్సుల పాఠ్యాన్ని తెలుగులోకి కూడా అనువదించారు. ఆ అనువాదాల్లో కొన్నిచోట్ల పదాలు మరీ బరువుగా ఉంటాయి, ఇంగ్లిష్ ప్రతి పక్కన పెట్టుకుని చదవడం మేలు.

తెలుగులోనే మొదటి నుంచి ఆలోచించి చెప్పిన మంచి మూక్‌లు మనకు చాలా తక్కువ. 1982లో హైదరాబాద్‌లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టుకున్నవాళ్లం. ఈ రోజు అంబేద్కర్ పేరుతో నడుస్తున్న ఆ విశ్వవిద్యాలయం తెలుగులో పుస్తకాలు రాయించి, ఉద్యోగాలు చేసుకునే వాళ్లకూ గృహిణులకూ డిగ్రీలు అందించింది. ప్రతి ఆదివారం స్టడీ సెంటర్లో కౌన్సెలింగ్ క్లాసుకు బస్సెక్కి వచ్చేవాళ్లు. పాఠ్యపుస్తకం ఇంట్లో, మాస్టారు సెంటర్లో. మూక్‌లను ప్రపంచం ఇప్పుడు దిద్దుకుంటున్న తీరు కూడా ఇదే. అంత అనుభవం ఉన్న రాష్ట్రాలు తెలుగు మూక్‌ల విషయంలో వెనకబడటం నాకు మింగుడుపడదు.

డిగ్రీ మొత్తం ఆన్‌లైన్‌లో చదవొచ్చా?

చదవొచ్చు. అమెరికాలో జార్జియా టెక్ 2014లో కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్‌ను ఆన్‌లైన్‌లో సుమారు 7,000 డాలర్లకే మొదలుపెట్టి నిలబెట్టింది. మన దగ్గర ఐఐటీ మద్రాస్ 2020లో ప్రారంభించిన డేటా సైన్స్ డిగ్రీ ఉంది. జేఈఈ అక్కర్లేదు, కానీ నాలుగు వారాల పాఠాలు విని క్వాలిఫయర్ అనే అర్హత పరీక్ష దాటాలి. పరీక్షలు సెంటర్లో రాయాలి. తేలిక అనుకుని చేరకండి, వారానికి గంటలకొద్దీ పని ఉంటుంది. ఇంకో కాలేజీలో చదువుతూ దీన్ని కూడా చేస్తున్న పిల్లలు నాకు తెలుసు, చేస్తున్నది ఇష్టంతో కాబట్టి లాక్కొస్తున్నారు.

కౌన్సెలర్ ఫోన్ చేసి, లక్ష కడితే సర్టిఫికెట్, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటున్నారు. అదీ మూకేనా?

కాదు. మూక్ వాళ్లు మీకు ఫోన్లు చేయరు. ఈ రోజే కడితే సీటు, రేపటికి ఆఫర్ ఉండదు అని తొందరపెడుతున్నారంటే ఫోన్ పెట్టేయండి. ఈఎంఐ అంటూ మీ పేరు మీద లోన్ రాయిస్తారు, కోర్సు మానేసినా వాయిదాలు ఆగవు. మా ఊరి కుటుంబం ఒకటి ఇలాగే ఇరుక్కుంది, అబ్బాయి రెండో నెలకే మానేశాడు, తండ్రి మాత్రం నెలనెలా కడుతూనే ఉన్నాడు. ఆన్‌లైన్ డిగ్రీ అని ఎవరైనా చెబితే ఆ యూనివర్సిటీకి ఆ కోర్సుకు యూజీసీ అనుమతి ఉందో లేదో యూజీసీ వెబ్‌సైట్‌లోనే చూసుకోవాలి. కౌన్సెలర్ పంపిన పీడీఎఫ్‌ను నమ్మొద్దు.

చాట్‌జీపీటీ ఉండగా ఇంకా ఈ కోర్సులు ఎందుకు?

డౌట్ అడగడానికి అది బాగుంటుంది. అర్ధరాత్రి ఫోరమ్‌లో ప్రశ్న పెట్టి రెండు రోజులు ఎదురుచూసే బాధ తప్పింది. మూక్‌లలో ఎప్పుడూ ఉన్న పెద్ద లోటు అదే, అడిగితే పలికేవాళ్లు లేకపోవడం. కోర్సెరా లాంటి వేదికలు కూడా ఇప్పుడు కోర్సు లోపలే ఇలాంటి సహాయకుడిని పెడుతున్నాయి.

కానీ ఏది ముందు నేర్చుకోవాలి, ఏది తర్వాత అన్న క్రమం కొత్తగా నేర్చుకునేవాడికి తెలియదు. ఏం అడగాలో కూడా తెలియదు. ఆ క్రమం ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన ప్రొఫెసర్ దగ్గర దొరుకుతుంది. అసైన్‌మెంట్‌ను దానికిచ్చి చేయించుకుంటే మాత్రం, పైన టెలిగ్రామ్ గురించి చెప్పిందే ఇక్కడా జరుగుతుంది.

మేం అధ్యాపకులం. మా ఉద్యోగాలకు ముప్పా?

2012లో నాకూ ఆ భయం ఉండేది. ఇప్పుడు లేదు. మీ సబ్జెక్టులో దేశంలోనే బాగా చెప్పేవారి పాఠం పిల్లలకు ఫోన్లో దొరుకుతోంది. దాన్ని పోటీగా చూడకండి, వాడుకోండి. వీడియో ఇంట్లో చూసి రమ్మని, క్లాసులో లెక్కలు చేయించండి. మీరూ ఏటా ఒక కోర్సు తీసుకుని పిల్లలతోపాటు పరీక్ష రాయండి. సార్ కూడా హాల్ టికెట్ పట్టుకుని లైన్లో నిలబడ్డారని తెలిస్తే క్లాసులో మీ మాటకుండే విలువే మారుతుంది. లోకల్ చాప్టర్ పనంటే మెయిళ్లు ఫార్వర్డ్ చేయడం కాదు. మూడో వారంలో ఎవరు ఆగిపోయారో జాబితా తీసి, ఒక్కొక్కరినీ పిలిచి అడగడం. ఆ పని చేసే కాలేజీలో పాసయ్యేవాళ్ల సంఖ్య తేడాగా ఉంటుంది.

ఇంట్లో ఉండే మా అమ్మ చేరవచ్చా? నాన్నగారు రిటైరయ్యారు, ఆయన?

తప్పకుండా. వయసు అడ్డు కాదు, డిగ్రీ అడగరు.

మొదటి కోర్సు ఎలా ఎంచుకోవాలి?

ఒక్కటే తీసుకోండి. ఉత్సాహంలో ఒకేసారి నాలుగింట్లో చేరినవాళ్లు ఒకటీ పూర్తి చేయరు. 12 వారాలది కాకుండా 4 లేదా 8 వారాల కోర్సుతో మొదలుపెట్టండి. చేరే ముందు మొదటి వారం వీడియో ఒకటి, పాత అసైన్‌మెంట్ ఒకటి చూడండి. ఎన్‌పీటెల్‌లో చాలా కోర్సులు మళ్లీ మళ్లీ నడుస్తాయి కాబట్టి పాతవి దొరుకుతాయి. ఆ ప్రొఫెసర్ గొంతు, చెప్పే తీరు మీకు నచ్చాలి, గంటలకొద్దీ ఆయన్నో ఆమెనో వినాలి కదా. ఎలీట్ ఎక్కువమందికి వస్తుందట అని ఎవరో చెప్పిన కోర్సు వద్దు.

వారంలో రెండు రోజులు, ఫలానా గంట అని ముందే పెట్టుకోండి. నోట్సు చేత్తో రాసుకోండి. అదే కోర్సు చేసే స్నేహితుణ్ణి ఒకరిని వెతుక్కోండి, ఇద్దరూ కలిసి బుధవారం కాకుండా సోమవారం రాత్రికే అసైన్‌మెంట్ ముగించండి. తోడు ఎవరూ దొరక్కపోతే మీ కాలేజీ లోకల్ చాప్టర్ చూసే మాస్టారినో మేడమ్‌నో అడగండి. అదే కోర్సులో ఇంకెవరు చేరారో ఆ జాబితా వాళ్ల దగ్గర ఉంటుంది.